బ్యాటరీకి ఎర్ర టోపీ ఎందుకు?

మన సాలువా క్వార్టర్ల ముందు నిలిపి ఉన్న కార్ల నంబరు ప్లేట్లు చదువుకుంటూ ఒకసారి నడవండి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, అస్సాం, రాజస్థాన్, పంజాబ్... సగం భూగోళం పాఠం అక్కడే అయిపోతుంది. వాటిలో పాత కార్లు తక్కువేమీ కాదు. రెండు మూడేళ్ళకోసారి ఊరు మారే ఇళ్ళలో కొత్త కారు సంగతి ఎప్పుడూ "వచ్చే పోస్టింగులో చూద్దాం" అన్న దగ్గరే ఆగిపోతుంది. అందుకే విశాఖపట్నంలో కొన్న కారు జోధ్‌పూర్ ఎండ చూసి, తేజ్‌పూర్ వాన చూసి, ఇప్పుడు ఖరగ్‌పూర్ ఎర్రమట్టి దుమ్ములో నిలబడి ఉంటుంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళకు ఇస్తారు. ఆ తరువాత తనిఖీ చేయించి ఐదేసి సంవత్సరాలు పొడిగించుకోవచ్చు. కాబట్టి మనకన్నా వయసులో పెద్ద కార్లు కూడా ఆ వరసలో కనిపిస్తాయి. వాటిని అన్నయ్యా, అక్కా అని పిలిచినా తప్పులేదు.

ఊరు మారిన ప్రతిసారీ ఇంటి సామానులో ఏదో ఒకటి పోయినట్టే, మెకానిక్ మారిన ప్రతిసారీ కారులో ఏదో ఒక చిన్న ముక్క పోతుంది. ఒక స్క్రూ, ఒక క్లిప్పు, ఒక రబ్బరు మూత. స్క్రూ పోతే గలగలమని చప్పుడొస్తుంది కాబట్టి నాన్నగారు గమనిస్తారు. మూత పోతే చప్పుడు రాదు. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ మీద టోపీలా కూర్చునే ఎర్ర మూత అలా చప్పుడు లేకుండా పోయే వస్తువు. దాని గురించి, బానెట్ కింద ఉండే దాని అన్నదమ్ముల గురించి ఇక్కడ చెప్పుకుందాం.

ముందుగా అందరూ అడిగే ప్రశ్న. కారు బ్యాటరీ 12 వోల్టులదే కదా, ఇంట్లో గోడ ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి, మరి 12 వోల్టులకు భయం దేనికి?

షాకు విషయంలో ఆ మాట నిజమే. పొడి చర్మం విద్యుత్తుకు బాగా అడ్డుపడుతుంది. చర్మం నిరోధం 12,000 ఓంలు అనుకుంటే, ఓం నియమం ప్రకారం 12ను 12,000తో భాగించాలి. వచ్చేది ఆంపియరులో వెయ్యో వంతు. పొడి చేత్తో ముట్టుకుంటే మనకు ఏమీ తెలియకపోవచ్చు. అందుకే చాలామంది పెద్దలు కూడా కారు బ్యాటరీని సాధువైన వస్తువనుకుంటారు.

అయితే ఇక్కడ అపాయం షాకు కాదు, వేడి. అది అర్థం కావాలంటే కారులో విద్యుత్తు ఏ దారిలో తిరుగుతుందో తెలియాలి. దానికి ఖరగ్‌పూర్ కన్నా మంచి బడి దొరకదు.

స్టేషనులో ఎలక్ట్రిక్ ఇంజనును చూడండి. పైన ఒకే ఒక తీగ ఉంటుంది. అందులో 25,000 వోల్టులు. ఇంజను నెత్తిమీది పాంటోగ్రాఫ్ ఆ తీగను ఒరుసుకుంటూ విద్యుత్తును అందుకుంటుంది. ప్రాథమిక తరగతుల్లో మనం బల్బు వెలిగించినప్పుడు బ్యాటరీ నుంచి రెండు తీగలు కలిపాం కదా, మరి ఇక్కడ రెండో తీగ ఏది? అది కింద ఉంది. విద్యుత్తు ఇంజను మోటార్ల పని ముగించుకుని చక్రాల్లోకి, చక్రాల నుంచి పట్టాల్లోకి దిగి సబ్‌స్టేషనుకు తిరిగి వెళుతుంది. పట్టాలు బండిని మోయడమే కాకుండా తిరుగుదారిగా కూడా పనిచేస్తాయి.

కారులో కూడా ఇదే ఏర్పాటు. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక లావు తీగ బయల్దేరి నేరుగా కారు బాడీకి, ఇంజనుకు బిగించి ఉంటుంది. హెడ్‌లైటుకు, హారనుకు, స్టార్టరు మోటారుకు పాజిటివ్ తీగ ఒక్కటే వెళుతుంది. తిరిగి రావడానికి కారు ఇనుమే దారి. దీన్నే బాడీ ఎర్త్ అంటారు. ఇలా చేస్తే సగం తీగ మిగులుతుంది, ఖర్చూ బరువూ తగ్గుతాయి. చాలా విమానాల్లో 28 వోల్టుల సరఫరా కూడా ఇలాగే లోహపు బాడీనే తిరుగుదారిగా వాడుకుంటుంది.

రైలుకూ కారుకూ ఉన్న తేడా ఒక్కటే, కానీ అది పెద్ద తేడా. రైల్వేవారు ఆ తీగను పట్టాలకు ఐదు మీటర్లకు పైన కట్టారు. తీగకూ పట్టాకూ మధ్య ఉన్న ఖాళీయే కాపలా. కోల్‌కతా మెట్రోలో అంత ఎత్తు లేదు. 1984 అక్టోబరు 24న మన దేశంలో మొదటగా నడిచిన ఆ మెట్రోలో 750 వోల్టుల విద్యుత్తు పట్టాల పక్కనే నేలబారుగా ఉన్న మూడో పట్టాలో ప్రవహిస్తుంది. దూరం పెట్టడానికి వీల్లేదు కాబట్టి దానికి కవచం తొడిగారు. కారు బానెట్ కింద పరిస్థితి మెట్రో లాంటిది. పాజిటివ్ టెర్మినల్ చుట్టూ ఏ వైపు చూసినా జానెడు దూరంలో ఇనుమే. బానెట్ ఇనుము, రెక్కల ఇనుము, ఇంజను లోహం, బ్యాటరీని పట్టుకునే క్లాంపు కూడా ఇనుమే. అదంతా నెగెటివ్‌తో కలిసి ఉంది. అంటే బానెట్ కింద ఉన్న లోహమంతా ఒక పెద్ద నెగెటివ్ టెర్మినల్ అన్నమాట. మూత లేని పాజిటివ్ దాని మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంది.

ఇప్పుడు ఆ రెండింటి మధ్య ఒక పానా పడిందనుకుందాం. తెలుగు మాధ్యమం పుస్తకాల్లో దీన్ని లఘువలయం అంటారు, మనం షార్ట్ సర్క్యూట్ అని చదువుకున్నాం. పదో తరగతి లెక్కే చేసి చూద్దాం. మంచి స్థితిలో ఉన్న కారు బ్యాటరీ లోపలి నిరోధం చాలా తక్కువ, సుమారు 0.01 ఓం అనుకోండి. ఇనప పానా నిరోధం అంతకన్నా తక్కువ, 0.001 ఓం అనుకోండి. రెండూ కలిపితే 0.011. 12ను 0.011తో భాగిస్తే దాదాపు 1,100 ఆంపియర్లు! పోల్చుకోవడానికి, 60 వాట్ల హెడ్‌లైటు తీసుకునేది 5 ఆంపియర్లే. వేడి కావాలంటే ప్రవాహాన్ని వర్గం చేసి నిరోధంతో గుణించాలి. పానాలో పుట్టే వేడి సుమారు 1,200 వాట్లు. ఒక ఇస్త్రీపెట్టె వేడి చేతిలోని చిన్న పానాలో పుడుతుందన్నమాట. బ్యాటరీ లోపల పుట్టేది దానికి పది రెట్లు. నిజంలో పానా అంత గట్టిగా ఆనుకోదు, ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు ప్రవాహం తగ్గినా, ఆనిన చోట నిప్పురవ్వలు లేచి లోహమే కరుగుతుంది.

మాలో ఒకరింట్లో అలాంటి పానా ఒకటి ఉంది. 10 నంబరుది. ఒక అంచున చీమ కొరికినట్టు చిన్న గుంట, దాని చుట్టూ నీలం రంగు. చిన్నాన్నగారు బ్యాటరీ క్లాంపు విప్పుతుంటే అది ఒక్క క్షణం బాడీకి తగిలింది. "కళ్ళ ముందు మెరుపు మెరిసింది, అంతే" అంటారాయన. ఆ క్షణం ఎంతసేపని అడిగితే చిటికె వేసి చూపిస్తారు. పానాకు బదులు వేలి ఉంగరమో చేతి గడియారం గొలుసో అయితే? బంగారం ఇనుము కన్నా బాగా విద్యుత్తును పోనిస్తుంది. పైగా కాలుతున్న ఉంగరాన్ని పానాలా విసిరేయలేం. బానెట్ కింద చేయి పెట్టేముందు ఉంగరం, గడియారం, కడియం తీసేయాలని ఆటో ఎలక్ట్రీషియన్లు అనేది అందుకే.

ఈ ప్రవాహాన్ని ఆపడానికి ఫ్యూజు ఉంటుంది కదా అని కొందరికి సందేహం రావచ్చు. హెడ్‌లైటుకు, హారనుకు వెళ్ళే సన్న తీగలకు ఫ్యూజులుంటాయి. బ్యాటరీ నుంచి స్టార్టరు మోటారుకు వెళ్ళే లావు తీగకు చాలా కార్లలో ఫ్యూజు ఉండదు. స్టార్టరు తిరిగేటప్పుడు వంద ఆంపియర్లకు పైగానే లాగుతుంది కాబట్టి దానికి చిన్న ఫ్యూజు నిలవదు. అంటే బానెట్ కింద అన్నిటికన్నా బలమైన తీగకే కాపలాదారు లేడు. ఆ తీగ రెండు కొనలనూ కాపాడేది రబ్బరు మూతలే.

ఇంకొక సంగతి ఉంది. బ్యాటరీ చార్జ్ అవుతున్నప్పుడు లోపలి నీటిలో కొంత విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. దూర ప్రయాణం చేసి వచ్చి అప్పుడే ఆపిన కారులో బ్యాటరీ దగ్గర రవ్వ లేస్తే బ్యాటరీ డబ్బా పగిలి లోపలి సల్ఫ్యూరిక్ ఆమ్లం ముఖాన చిందవచ్చు. కంట్లో పడితే ఆలోచించకుండా ధారగా నీళ్ళతో కడుగుతూనే ఉండాలి, ఆ పైన ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక మూతలు ఉండాల్సిన చోట్లు చూద్దాం. బ్యాటరీ పాజిటివ్ సంగతి చెప్పుకున్నాం. రెండోది ఆల్టర్నేటరు వెనక ఉండే లావు బోల్టు. ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని నింపేది ఆల్టర్నేటరు. దాని బోల్టుకూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య తాళంచెవి అడ్డు లేదు. అంటే కారు ఆపి తాళం జేబులో వేసుకున్నా ఆ బోల్టు మీద 12 వోల్టులు ఉంటూనే ఉంటాయి. పెద్దవాళ్ళు కూడా మరిచిపోయే విషయమిది. ఆల్టర్నేటరును మరమ్మతుకు ఇచ్చి తిరిగి బిగించినప్పుడు దాని నల్ల రబ్బరు టోపీ దుకాణం బల్ల మీదే ఉండిపోతుంది. మూడోది స్టార్టరు మోటారు మీది బోల్టు. అది చాలా కార్లలో కిందుగా, కంటికి ఆనని చోట ఉంటుంది. సాలువా దారుల్లో వానాకాలం బురదనీళ్ళు చిమ్మేది సరిగ్గా అక్కడికే. కొన్ని పాత కార్లలో ఫ్యూజు పెట్టె కూడా బానెట్ కిందే ఉంటుంది, దాని మూత క్లిప్పు విరిగి ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది.

పాత కార్లంటే మన రాష్ట్రపు అంబాసిడర్‌ను తలుచుకోకుండా ఎలా? ఇప్పుడు మన రాష్ట్రమంటే బెంగాలే మరి. హుగ్లీ జిల్లాలో హావ్‌డా నుంచి బర్ధమాన్ వెళ్ళే మెయిన్ లైనులో హింద్‌మోటర్ అని ఒక స్టేషనే ఉంది. అక్కడి కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 దాకా అంబాసిడర్ తయారైంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ కూడా 2014లోనే ఆగింది. ఈ రెండు కార్ల బానెట్ ఎత్తి చూస్తే ఒక మేలు కనిపిస్తుంది. కొత్త కార్లలోలా పైన ప్లాస్టిక్ పళ్ళేలు కప్పి ఉండవు. ఏ తీగ ఎక్కడికి వెళుతుందో వేలితో చూపించి నేర్చుకోవచ్చు. ఆ మేలులోనే కీడూ ఉంది. అన్నీ కనిపిస్తున్నాయంటే అన్నీ తెరిచి ఉన్నాయనే.

ఇక్కడి వాతావరణం కూడా వీటికి కలిసిరాదు. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలులు ఎర్రదుమ్మును బానెట్ సందుల్లోంచి లోపలికి కొడతాయి. జూన్ నుంచి తేమ. బ్యాటరీ నెత్తిన దుమ్ము, తేమ, కొద్దిగా ఆమ్లపు ఆవిరి కలిస్తే ఆ పొర సన్నని దారిలా పనిచేసి రాత్రంతా చార్జిని కొద్దికొద్దిగా కార్చేస్తుంది. వోల్టుమీటరు నల్ల కొనను నెగెటివ్ మీద, ఎర్ర కొనను బ్యాటరీ పై ప్లాస్టిక్ మీద ఆనిస్తే, మురికి బ్యాటరీలో ప్లాస్టిక్ మీదే వోల్టులు కనిపిస్తాయి. పెద్దవాళ్ళ చేత చేయించి చూడదగ్గ ప్రయోగం ఇది. ఎలకల సంగతి వేరే చెప్పాలా? నెల రోజులు కదలని కారు వాటికి క్వార్టరు అలాట్ అయినట్టే. తీగల పైతొడుగు కొరికితే మూత ఉన్నా లేనట్టే.

టెర్మినల్ మీద తెల్లగా, నీలం ఆకుపచ్చగా పువ్వులా పూసే పొడి చూసే ఉంటారు. ఆమ్లపు ఆవిరి సీసాన్ని తింటే తెల్లది, రాగిని తింటే నీలిది. దాన్ని అలాగే ఉంచి పైన ఎర్ర మూత బిగిస్తే పుండు మీద పట్టీ కట్టినట్టే. ముందు శుభ్రం చేయాలి. వేడినీళ్ళలో వంట సోడా కలిపి పోస్తే బుసబుసమని పొంగుతుంది. ఆమ్లమూ క్షారమూ కలిసి లవణం, నీరు, కార్బన్ డయాక్సైడ్ అయ్యే పాఠం అదే. సోడానీళ్ళు బ్యాటరీ బిరడాల లోపలికి మాత్రం పోకూడదు, లోపలి ఆమ్లం పాడవుతుంది. తుడిచి, ఆరనిచ్చి, క్లాంపు గట్టిగా బిగించి, అప్పుడు పైన వాజిలిన్ పల్చగా రాయాలి. బిగించాక రాయాలన్నది ముఖ్యం. వాజిలిన్ తేమను రానివ్వదు, వదులు క్లాంపును బిగించదు.

ఈ పనిలో వరసే ప్రాణం. విప్పేటప్పుడు మొదట నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఎందుకో పైన చెప్పుకున్న రైలు బొమ్మతోనే తేలుతుంది. నెగెటివ్ తీగ విప్పుతున్నప్పుడు పానా బాడీకి తగిలినా ఏమీ కాదు, ఎందుకంటే రెండూ ఒకే వైపువి. అది విడిపోయాక పట్టాలు తెగిపోయినట్టే, బాడీకి బ్యాటరీతో సంబంధం పోయింది. ఇక పాజిటివ్ విప్పుతూ పానాను బాడీకి కొట్టినా తిరుగుదారి లేదు. తిరగేసి చేస్తే, పాజిటివ్ విప్పుతున్న పానా బాడీకి తగిలిన క్షణం మా చిన్నాన్నగారి పానాయే. 1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో దీనికి తలకిందులుగా పాజిటివ్‌నే బాడీకి కలిపేవారు. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆ కాలపుదే. అలాంటి కారు ఎవరి తాతగారి ఇంట్లోనైనా ఉంటే, ఏది బాడీకి బిగించి ఉందో చూసి దాన్ని ముందు విప్పాలి.

మూత దేనితో వేయాలి? బ్యాటరీ దుకాణాల్లో ఎర్ర, నల్ల మూతలు దొరుకుతాయి, పెద్ద ఖర్చేమీ కాదు. తీగ లావును, అది టెర్మినల్ నుంచి ఏ వైపు వస్తుందో దాన్ని చూసి కొనాలి, లేకపోతే మూత సగం లేచి కూర్చుంటుంది. మూత దొరికేలోగా పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి దారంతో కట్టడం మన మెకానిక్కుల పాత పద్ధతి. నాలుగు రోజులకు మంచిదే. నాలుగేళ్ళకు కాదు, వేడికీ నూనెకూ ట్యూబు బీటలు వారుతుంది. ఆల్టర్నేటరు, స్టార్టరు ఇంజను వేడికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ వేడికి ఓర్చే రబ్బరు టోపీయే కావాలి, ఆ కారు స్పేర్ పార్టులలో అడిగి తెచ్చుకోవడం మేలు.

ఇన్సులేషన్ టేపు మాటకు వస్తే, మా ఉద్దేశంలో అది మూత కాదు. బానెట్ కింది వేడికి దాని జిగురు కరిగి, అంచు లేచి, దుమ్ము పట్టి, చివరకు ఒక నల్లటి జీడిముద్ద మిగులుతుంది. తీగ మీది చిన్న గీతకు సరే, బోల్టుకు కాదు. కిటికీ సందులకు పూసే సిలికాన్ పేస్టు పూసేవారూ ఉన్నారు. పూసినప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకంలోంచి ఎసిటిక్ ఆమ్లం వెలువడుతుంది, అది రాగిని తింటుంది. కాపాడబోయి కొరికించినట్టవుతుంది. బ్యాటరీ మొత్తానికి ప్లాస్టిక్ సంచి తొడగడం కూడా తప్పే, వాయువులు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోతాయి.

మూత కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. బ్యాటరీ మార్చినప్పుడు అదే ఎత్తుది దొరక్క కొంచెం పొడుగుది పెట్టేస్తుంటారు. అప్పుడు బానెట్ మూయగానే దాని ఇనుము పాజిటివ్‌కు వేలెడు దూరం కూడా మిగలదు. గుంతలో చక్రం పడ్డప్పుడు బ్యాటరీ ఎగిరితే? దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది. మూత తొడిగిన పాజిటివ్ మీద బొమ్మలు చేసే మట్టి ముద్ద ఒకటి పెట్టి, బానెట్ నెమ్మదిగా దించి, మళ్ళీ ఎత్తి చూడాలి. ముద్ద అప్పడంలా అణిగిపోతే బ్యాటరీ మార్చాల్సిందే. అలాగే బ్యాటరీని రెండు చేతులతో కదిపితే కదలకూడదు. కదిలితే కింది క్లాంపు వదులైందనో, అసలు లేదనో అర్థం.

పానా పట్టే పని మనది కాదు, పెద్దవాళ్ళది. మన పని కళ్ళతో చూడటం. ఇంజను ఆపి, చల్లారాక, తాళం తీసి, నాన్నగారో అమ్మగారో పక్కన ఉండగా టార్చి వేసి చూడండి, ముట్టుకోకండి. ఎర్ర మూత ఉందా? ఆల్టర్నేటరు వెనక మెరుస్తున్న బోల్టు కనిపిస్తోందా? ఎక్కడైనా తీగ ఇనుప రేకు రంధ్రంలోంచి రబ్బరు వలయం లేకుండా దూరి వస్తోందా? రేకు అంచు రోజూ కొంచెం కొంచెంగా దాని తొడుగును కోస్తుంటుంది. కనిపించింది కాగితం మీద రాసి ఇస్తే చాలు. బి.ఎన్.ఆర్. రోజుల నుంచి తెలుగువాళ్ళున్న ఊరు కాబట్టి ఖరగ్‌పూర్‌లో మెకానిక్ దాదాకు తెలుగు వచ్చినా ఆశ్చర్యం లేదు. రాకపోతే మన మూతను బెంగాలీలో ఢాక్‌నా అంటారని, హిందీలో ఢక్కన్ అంటారని మీరే నాన్నగారికి చెప్పగలరు. మూడు భాషలు నేర్చుకున్నందుకు అక్కరకొచ్చే చోటు అదే.

చలికాలం పొద్దున కారు స్టార్ట్ కాక పక్కింటి అంకుల్ కారు నుంచి తీగలు కలిపేటప్పుడు కూడా మూతలు తీసి ఉంటాయి, కాబట్టి అప్పుడు పిల్లలు దూరంగా ఉండాలి. ఎర్ర తీగ రెండు పాజిటివ్‌లకు ముందు కలుపుతారు. నల్ల తీగ ఒక కొన మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో కొన చార్జి లేని బ్యాటరీకి కాకుండా దానికి దూరంగా ఇంజను లోహానికి కలుపుతారు. చివరి కలయికలో లేచే రవ్వ హైడ్రోజన్‌కు దూరంగా ఉండాలని ఈ ఏర్పాటు. దారిలో ఎప్పుడైనా బానెట్ సందుల్లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన, పొగ వస్తే ఇంజను ఆపి అందరూ దిగి దూరంగా వెళ్ళాలి. చూద్దామని బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట లేస్తుంది. 101కి గానీ 112కి గానీ ఫోను చేయాలి.

వేసవి సెలవులకు నెల రోజులు ఊరెళ్ళేటప్పుడు నెగెటివ్ తీగ విప్పించి, దాని కొనకు పొడి గుడ్డ చుట్టి పక్కకు కట్టించండి. బ్యాటరీ కారిపోదు, ఎలకలు తీగ కొరికినా నిప్పు పుట్టదు. తిరిగి వచ్చి బిగించాక డాష్‌బోర్డు గడియారం మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. దాన్ని సరిచేయడానికి పానా అక్కర్లేదు, ఆ పని మనం చేయవచ్చు.